ఫలక్‌నుమా: కట్టిన పాయిగాలు, కొన్న నిజాములు – తరచుగా అడిగే ప్రశ్నలు

చార్మినార్‌కు దక్షిణంగా సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద కనిపించే ఫలక్‌నుమాను హైదరాబాదులో అందరూ నిజాం ప్యాలెస్ అంటారు. ఆ మాట సగమే నిజం. ఆ ఇల్లు కట్టింది ఒక కుటుంబం, పేరు దక్కింది మరో కుటుంబానికి. కట్టినవారి సంగతి తెలిసినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. సందర్శకులు, విద్యార్థులు, పాతబస్తీ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఫలక్‌నుమాను కట్టించింది నిజామేనా?

కాదు. కట్టించింది నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా. ఆయన పాయిగా వంశానికి చెందిన అమీరు, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు బావ. మహబూబ్ అలీ ఖాన్ సోదరి జహందారున్నిసా బేగంను ఆయన పెళ్లి చేసుకున్నారు. తర్వాత 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు రాజ్యానికి దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా పనిచేశారు. ఇల్లు మొదలుపెట్టే నాటికి ఆయనకు ఇంకా ఆ పదవి లేదు. అందుచేత దీన్ని ప్రభుత్వ భవనంగా కట్టారనుకోవడం పొరపాటు. ఒక పెద్దింటి మనిషి తన కోసం, తన కుటుంబం కోసం కట్టుకున్న సొంత ఇల్లు ఇది.

పాయిగాలంటే ఎవరు? వారికి అంత సంపద ఎక్కడిది?

ఆసఫ్‌జాహీల రాజ్యంలో నిజాం కుటుంబం తర్వాత అంతటి హోదా ఉన్న కుటుంబం పాయిగాలదే. రెండో నిజాం అలీ ఖాన్ కాలంలో సైన్యాధికారిగా ఎదిగిన అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో ఈ వంశం ప్రాబల్యం మొదలైంది. ఆయనకు షమ్సుల్ ఉమ్రా అన్న బిరుదు దక్కింది. ఆ బిరుదే తరతరాలుగా కుటుంబ పెద్దలకు సంక్రమించింది. నిజాం కోసం ఆశ్విక దళాన్ని పోషించడం వారి బాధ్యత. ఆ ఖర్చుకు రాజ్యం నలుమూలలా విశాలమైన జాగీర్లు వారికి ఉండేవి. ఆ భూముల్లో పన్ను వసూళ్లు, న్యాయవిచారణ కూడా చాలావరకు వారి చేతిలోనే ఉండేవి. రాజ్యంలో ఇంకో చిన్న రాజ్యమన్నమాట.

సంపద ఒక్కటే అయితే వారు మిగతా జాగీర్దార్లలో కొందరుగా మిగిలిపోయేవారు. వారిని వేరుగా నిలబెట్టింది వియ్యం. నిజాం ఇంటి ఆడపడుచులను పాయిగాల ఇంటికి ఇవ్వడం ఆనవాయితీ అయింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ వంశం మూడు శాఖలుగా చీలింది. ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా ఆ శాఖల పెద్దలు. ఆ ముగ్గురూ ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కూతుళ్లనే పెళ్లాడారు. అంటే మహబూబ్ అలీ ఖాన్ అక్కాచెల్లెళ్లు ముగ్గురు ఈ కుటుంబానికి కోడళ్లుగా వెళ్లారు. ఫలక్‌నుమా చేతులు మారిన తీరు అర్థం కావాలంటే ఈ బంధుత్వాన్ని గుర్తుంచుకోవాలి. రాజుకూ సామంతుడికీ మధ్య నడిచిన వ్యవహారంలా పైకి కనిపించినా, అది బావాబావమరుదుల మధ్య నడిచిన సంగతి కూడా.

ఇంకొకటి చెప్పాలి. పాయిగాలంటే విలాసం మాత్రమే గుర్తొస్తే వారికి అన్యాయం చేసినట్టే. ఈ వంశంలోని ఫక్రుద్దీన్ ఖాన్ పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలోనే బడి పెట్టి, అచ్చు యంత్రం పెట్టి, యూరప్ విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. ఆ పనికి రావలసినంత గుర్తింపు ఇప్పటికీ రాలేదు.

వికారుల్ ఉమ్రా తండ్రి ఎవరు?

రషీదుద్దీన్ ఖాన్. మహబూబ్ అలీ ఖాన్ 1869లో గద్దెనెక్కేటప్పటికి మూడేళ్లు కూడా నిండని పసివాడు. అతని తరఫున పాలన చూడటానికి అప్పటి దివాన్ మొదటి సాలార్ జంగ్‌తో పాటు పాయిగా వంశ పెద్దను కూడా సంరక్షకుడిగా నియమించారు. ముందు రషీదుద్దీన్ అన్నగారు రఫీయుద్దీన్ ఖాన్ ఆ బాధ్యత చూశారు. 1877లో ఆయన మరణించాక, సాలార్ జంగ్‌కు ఇష్టం లేకపోయినా, ఆ స్థానంలోకి రషీదుద్దీన్ వచ్చారు. 1881లో తాను చనిపోయే దాకా కొనసాగారు. తండ్రి పసి నిజాంకు సంరక్షకుడు, కొడుకు పెద్దయిన నిజాంకు దివాన్. ఒకే ఇంటి నుంచి రెండు తరాలు ఇంత దగ్గరగా గద్దెను అంటిపెట్టుకుని ఉన్న ఉదాహరణలు ఆ రాజ్యంలో అరుదు.

నిర్మాణం ఎప్పుడు మొదలైంది? ఎంత కాలం పట్టింది?

1884 మార్చి 3న శంకుస్థాపన జరిగింది. దానికి నెల ముందే, ఫిబ్రవరిలో, మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి పాలనాధికారాలు దక్కాయి. నగరంలో కొత్త ఉత్సాహం నిండిన రోజులవి. పని పూర్తిగా ముగియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. నమూనా గీసింది విలియం వార్డ్ మారెట్ అనే యూరోపియన్ వాస్తుశిల్పి. ఖర్చు నలభై లక్షల రూపాయలని చెబుతారు. ఇల్లు నిలిచిన గుట్టకు కోహెతూర్ అని పేరు. ఆవరణ మొత్తం సుమారు 32 ఎకరాలు.

తేలు ఆకారంలో కట్టారంటారు, నిజమా?

పైనుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. ఉత్తరాన రెండు రెక్కలు కొండిల్లా చాచుకుని ఉంటాయి. మధ్యలో ప్రధాన భవనం, వెనక దక్షిణం వైపు వంటశాల, గోల్ బంగ్లా, జనానా మహల్, స్త్రీల నివాసాలు వస్తాయి. ఈ ఆకారానికి కారణం ఇదీ అంటూ ప్రచారంలో ఉన్న కథలు చాలా ఉన్నాయి గానీ వాటి కన్నా గమనించవలసిన సంగతి వేరే ఉంది. ముందు భాగం పూర్తిగా యూరప్ పద్ధతిలో ఉంటుంది: జంట స్తంభాల వరస, రెండంతస్తుల వరండా, ఇటలీ పాలరాయి. వెనక జనానా వైపు వెళ్లేసరికి కమానులు, ముంగిళ్లు, మన దేశపు కట్టడపు తీరు కనిపిస్తుంది. అతిథులకు చూపించే ముఖం ఒకటి, ఇంటివాళ్లు బతికే తీరు ఇంకొకటి. ఆనాటి హైదరాబాదు ఉమ్రావుల జీవితం ఎలా సాగిందో ఈ ఒక్క కట్టడం ప్లానులోనే చదువుకోవచ్చు.

లోపల తప్పక చూడవలసినవి ఏమిటి?

చాలామంది భోజనశాల గురించే అడుగుతారు. ఒకేసారి 101 మంది కూర్చోగల బల్ల అది. ఏడు భాగాలుగా చేసి కలిపారు. ఇంత పొడవైన బల్లకు ఒక కొసన మాట్లాడిన మాట మరో కొసన వినబడేలా గది ధ్వనిని అమర్చారని అక్కడివాళ్లు చెబుతారు.

నన్నడిగితే ముందు గ్రంథాలయానికి వెళ్లమంటాను. ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్న గ్రంథాలయాన్ని నమూనాగా తీసుకుని దీన్ని కట్టించారు. పైకప్పు అక్రోటు కర్రతో చెక్కింది. వేల పుస్తకాలు, అరుదైన ఖురాను ప్రతులు ఇక్కడ ఉన్నాయి. తొమ్మిదేళ్లు కష్టపడి ఇల్లు కట్టించుకున్న మనిషి అందులో పుస్తకాలకు ఎంత చోటు ఇచ్చాడన్నదాన్ని బట్టి అతనేమిటో చాలావరకు తెలుస్తుందని నా నమ్మకం.

మెట్లు ఎక్కుతుంటే గోడల పొడవునా బ్రిటిష్ గవర్నర్ జనరళ్ల, వైస్రాయిల చిత్రపటాలు వరుసగా ఉంటాయి. ఆస్లర్ కంపెనీ షాండ్లియర్లు, రంగుటద్దాల కిటికీలు, చేత్తో నడిపే రెండు టన్నుల ఆర్గాన్ వాద్యం, బిలియర్డ్స్ బల్ల, ఆ రోజుల్లో అమర్చిన పెద్ద విద్యుత్ స్విచ్ బోర్డు కూడా ఉన్నాయి. దేశంలో అత్యధిక ఇళ్లు దీపపు వెలుగులో ఉన్న కాలంలో ఈ ఇంట్లో కరెంటు వెలిగింది.

వీటన్నిటికన్నా జాగ్రత్తగా వెతకవలసింది ఒకటుంది. కుర్చీల మీద, గోడల మీద, పైకప్పుల అలంకరణలో 'వి', 'ఓ' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు అల్లుకుని కనిపిస్తాయి. వికారుల్ ఉమ్రా పేరును ఆ రోజుల్లో ఆ అక్షరాలతో రాసేవారు. ఇల్లు నిజాంల చేతికి వెళ్లాక కూడా వాటిని ఎవరూ చెరపలేదు. ఈ ఇల్లు ఎవరు కట్టారని ఎవరైనా అడిగితే మీరు చెప్పనక్కర్లేదు, ఆ గోడ చూపిస్తే చాలు.

ఇంత ఇష్టపడి కట్టుకున్న ఇంటిని వికారుల్ ఉమ్రా ఎందుకు వదులుకున్నారు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు ఒక్కటిగా లేదు.

ఇల్లు పూర్తయ్యేసరికి ఖర్చు తడిసి మోపెడైందన్నది అందరూ ఒప్పుకునే మాట. బెంగాల్ బ్యాంకు నుంచి అప్పు తెచ్చారని చెబుతారు. జాగీర్ల రాబడి ఎంత ఉన్నా, ఒక ప్యాలెస్‌ను కట్టడం ఒక ఎత్తు, దాన్ని రోజూ నడపడం ఇంకో ఎత్తు. 1897 ప్రాంతంలో మహబూబ్ అలీ ఖాన్ ఇక్కడికి అతిథిగా వచ్చారు. ఆయనకు ఇల్లు ఎంతగానో నచ్చింది. వెళ్లవలసిన రోజు గడిచినా బస పొడిగిస్తూ పోయారట. ఇక్కడి నుంచే కథ రెండు దారులు పడుతుంది.

మొదటి కథలో నిజాం మనసెరిగిన వికారుల్ ఉమ్రా ఇంటిని నజరానాగా సమర్పించుకున్నారు. రాజు మెచ్చిన వస్తువును రాజుకే ఇచ్చేయడం దర్బారు మర్యాద కాబట్టి. రెండో కథలో తెలివి బేగంది. అప్పుల భారం చూసిన ఆమె, ఇంటిని నిజాంకు ఇస్తామని చెబితే ఖర్చు మొత్తం తిరిగి వస్తుందని భర్తకు సలహా ఇచ్చారు. ఆమె నిజాం సోదరి కదా, తమ్ముడి స్వభావం ఆమెకు తెలియనిది కాదు.

ఈ రెండు కథలూ ఒకదానికొకటి అడ్డం అని నేను అనుకోను. నజరానా ఇచ్చినవారికి ప్రభువు అంతకు తగ్గ ప్రతిఫలం ఇవ్వడం ఆనాటి ఆచారంలో భాగమే. కానుకగా ఇచ్చారన్నా, అమ్మారన్నా, ఒకే వ్యవహారాన్ని ఇద్దరు రెండు వైపుల నుంచి చూసి చెబుతున్న మాటలివి. మహబూబ్ అలీ ఖాన్ సొమ్ము చెల్లించి ఇంటిని తీసుకున్నారన్న విషయంలో మాత్రం తేడా లేదు. ఇందులో ఇంకో సంగతి కూడా పనిచేసి ఉంటుందని నాకు అనిపిస్తుంది. అప్పటికి వికారుల్ ఉమ్రా దివాన్ పదవిలో ఉన్నారు. ప్రభువు ఇంటికన్నా దివాన్ ఇల్లు గొప్పగా కొండ మీద నిలబడి నగరమంతటికీ కనిపించడం ఏ దర్బారులోనూ ఎక్కువ కాలం సాగే పని కాదు. అప్పు లేకపోయినా ఆ ఇల్లు ఏదో ఒకనాడు చేతులు మారేదేమో.

ఎలా చూసినా, తొమ్మిదేళ్లు కట్టించిన ఇంట్లో ఆయన కుటుంబం నిండుగా కాపురం చేసింది కొద్ది సంవత్సరాలే. 1902లో వికారుల్ ఉమ్రా మరణించారు.

ఆరో నిజాం ఇక్కడే నివాసం ఉన్నారా?

ఆయన ఎక్కువగా ఉన్నది పురానీ హవేలీలో. ఫలక్‌నుమాను ప్రధానంగా రాజ అతిథి గృహంగా వాడుకున్నారు. అయినా ఈ ఇంటికీ ఆయనకూ విడదీయలేని ముడి ఒకటి ఉంది. 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూసింది ఇక్కడే. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లు. మూడేళ్ల ముందు, 1908 సెప్టెంబరులో, మూసీ వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు నిరాశ్రయుల కోసం ప్యాలెస్ తలుపులు తెరిపించిన ప్రభువుగా ఆయన్ని జనం గుర్తుంచుకున్నారు. ఆయన సమాధి మక్కా మసీదు ఆవరణలో మిగతా ఆసఫ్‌జాహీల సమాధుల మధ్య ఉంది.

మరి ఏడో నిజాం ఇక్కడికి ఎందుకు మారలేదు?

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీకి అలవాటుపడ్డారు. గద్దెనెక్కాక కూడా దాన్ని వదల్లేదు. ఫలక్‌నుమా ఆయన కాలంలోనూ అతిథుల ఇల్లుగానే మిగిలింది.

ఇక్కడ బస చేసిన ప్రముఖులు ఎవరు?

తర్వాత ఐదో జార్జి చక్రవర్తి అయిన వేల్స్ యువరాజు 1906లో భార్య మేరీతో కలిసి హైదరాబాదు వచ్చినప్పుడు ఈ ఇల్లే విడిది. 1922లో వారి కొడుకు, తర్వాతి ఎనిమిదో ఎడ్వర్డ్ కూడా ఇక్కడే ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశారు. ఆ తరం అతిథుల్లో ఆయనే చివరివారు. ఈ మధ్య కాలంలో, 2017 నవంబరు 28న, అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ ఇవాంకా ట్రంప్‌కు ఇచ్చిన విందు ఆ 101 మంది బల్ల మీదే జరిగింది.

1951 తర్వాత ఏమైంది?

తాళం పడింది. దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఈ ఇల్లు బయటివారి కంటికి దూరమైంది. కారణం ఒక్కటి కాదు. 1948లో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది. జాగీర్లు రద్దయ్యాయి. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ మరణించాక వారసత్వం కొడుకును దాటి మనవడు ముకర్రం జాకు దక్కింది. ఆయన తల్లి దుర్రుషెహ్వార్, చివరి ఒట్టోమన్ ఖలీఫా కూతురు. ముకర్రం జాకు వారసత్వంతో పాటు వేలమంది సిబ్బంది పోషణ, పన్ను బకాయిలు, బంధువుల దావాలు కూడా వచ్చిపడ్డాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. తర్వాత పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. ఆయన ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల పెంపకంలో స్థిరపడ్డారు. ఇక్కడ తాళం వేసిన గదుల్లో చెక్క, తోలు, పట్టు ఏళ్ల తరబడి పాడవుతూ వచ్చాయి. ఆయన 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించారు. భౌతికకాయాన్ని హైదరాబాదు తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

హోటల్‌గా ఎలా మారింది? తాజ్ సంస్థ కొనేసిందా?

కొనలేదు, లీజుకు తీసుకుంది. మరమ్మతులకు సుమారు పదేళ్లు పట్టింది. 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు. ఆ పని ముందుకు సాగడంలో ముకర్రం జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా పాత్ర చాలా పెద్దది. ఆమె టర్కీ నుంచి వచ్చిన కోడలు. విడాకుల తర్వాత ఎన్నో ఏళ్లకు తిరిగి వచ్చి, అటు పాతబస్తీలోని మరో నిజాం ప్యాలెస్ చౌమహల్లాను, ఇటు ఫలక్‌నుమాను శిథిలం కాకుండా ఆపారు. చౌమహల్లా పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది.

చారిత్రక కట్టడాన్ని హోటల్ చేయడం తప్పు కదా అని అడిగేవారున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి ఇంటి ముందే కనిపించే గుట్ట ఎక్కడానికి వెయ్యి ఆలోచనలు చేయవలసి రావడం సరి కాదు. కానీ అదే నగరంలో కూలిపోయిన దేవిడీలను, అంటే నవాబుల పాత భవంతులను తలుచుకుంటే, ఈ పైకప్పు ఇంకా నిలిచి ఉండటమే ముందు కావలసిందని అంటాను. విద్యార్థులకు ఏడాదిలో కొన్ని రోజులైనా తలుపులు తెరవాలి. ఆ కోరిక మాత్రం వదులుకోకూడదు.

జాకబ్ వజ్రం దొరికింది ఇక్కడేనా?

కాదు. తండ్రి చెప్పు ముందు భాగంలో ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఆ వజ్రం కనబడిందన్న కథ చౌమహల్లాకు సంబంధించింది. ఆ వజ్రం సహా 173 నిజాం ఆభరణాలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది.

హోటల్‌లో దిగకుండా ప్యాలెస్ చూడవచ్చా?

ముందుగా బుక్ చేసుకుంటే వీలవుతుంది. సాయంత్రపు తేనీటికి గానీ, భోజనానికి గానీ చోటు తీసుకున్నవారిని లోపలికి అనుమతిస్తారు. నిజాం ప్యాలెస్‌లు చూపించే పర్యాటక శాఖ యాత్రల్లోనూ ఇది కొన్నాళ్లుగా భాగమైంది. నియమాలు, రుసుములు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోవడం మంచిది. ఎంఎంటీఎస్ రైల్లో వచ్చేవారు ఫలక్‌నుమా స్టేషన్‌లో దిగాలి.

పాయిగాల ఇతర గుర్తులు ఎక్కడ చూడవచ్చు?

ఖర్చు లేకుండా చూడదగినవి చాలా ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్న అడిగేవారంటే నాకు ఇష్టం.

అన్నిటికన్నా ముందు సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలోని పాయిగా సమాధులు. డంగుసున్నంతో చేసిన నగిషీ, పాలరాతి జాలీలు (చిల్లులుగా చెక్కిన రాతి తెరలు) చూస్తే ఫలక్‌నుమా లోపలి వైభవం కన్నా ఇదే గొప్పదనిపిస్తుంది. తేగ్ జంగ్ మొదలుకొని ఆ వంశంలోని తరాలు ఇక్కడ నిద్రిస్తున్నాయి. ఒక్కో జాలీలో నమూనా వేరు, తొందరపడకుండా చూడండి. ఉదయం ఎండ వాలుగా ఉన్నప్పుడు వెళితే నగిషీ లోతు బాగా తెలుస్తుంది.

బేగంపేటలో రెండు కట్టడాలు వికారుల్ ఉమ్రావే. ఒకటి పాయిగా ప్యాలెస్. ఫలక్‌నుమా చేయి దాటిన తర్వాతి కాలానిది. 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేట్ అందులోనే నడిచింది. రెండోది 1906లో పూర్తయిన స్పానిష్ మసీదు. గుమ్మటాల బదులు కోణాల గోపురాలతో నగరంలో మరే మసీదుకూ లేని రూపం దానిది. స్పెయిన్‌లోని కార్డోబా మసీదు చూసి ముగ్ధుడైన వికారుల్ ఉమ్రా దీన్ని తలపెట్టారని చెబుతారు. పూర్తయ్యే నాటికి ఆయన లేరు. ఇప్పటికీ అక్కడ నమాజు జరుగుతుంది, కాబట్టి వేళ చూసుకుని వెళ్లాలి.

మలక్‌పేట వైపు ఆస్మాన్‌గఢ్ ఆస్మాన్ జా కట్టించినది. బషీర్‌బాగ్ పేరు కూడా ఆయనదే, ఆయన అసలు బిరుదు బషీరుద్దౌలా. హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ ఉంది. వికారాబాద్‌కు ఆ పేరు వచ్చింది వికారుల్ ఉమ్రా వల్ల. విమానాశ్రయం ఉన్న శంషాబాద్ పేరు షమ్సుల్ ఉమ్రా బిరుదు నుంచి వచ్చిందని అంటారు.

ఒక్క రోజే వీలుంటే పొద్దున పిసల్‌బండ సమాధులు, మధ్యాహ్నం హుస్సేనీ ఆలం, సాయంత్రానికి ఫలక్‌నుమా పెట్టుకోండి. బేగంపేటను ఇంకో రోజుకు ఉంచండి, అది నగరానికి అవతలి కొస.